ఆ రైఫిల్ ఖరీదు... ఇంటి స్థలం!

*పది మీటర్ల దూరంలో అరమిల్లీమీటరు చుక్క. దాన్ని కొట్టడానికి లక్షల ఖరీదు చేసే రైఫిల్. పిల్లలు షూటింగ్ నేర్చుకుంటామనగానే అమ్మానాన్నల గుండెల్లో రాయి పడేది ఇక్కడే. ఇంతకీ ఆ డబ్బంతా దేనికి పోతోంది? తిరిగి వచ్చేదేమిటి?*

2012 జులై 30. లండన్‌లోని రాయల్ ఆర్టిలరీ బ్యారక్స్‌లో మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ మెడలో కాంస్య పతకం పడింది. ఆ ఒలింపిక్స్‌లో దేశానికి అదే తొలి పతకం. మర్నాటి నుంచి పత్రికల నిండా ఆయన కబుర్లే. 1997లో తండ్రి కొనిచ్చిన ఎయిర్ పిస్టల్, బేగంపేటలో ఇంటి పెరట్లో బెలూన్లు పేల్చుతూ గురి నేర్చుకున్న రోజులు... ఎన్ని రాసినా జనానికి బాగా గుర్తుండిపోయింది మాత్రం ఒకటే. కొడుక్కి రైఫిల్ కొనడానికి ఆ తల్లిదండ్రులు ఉన్న స్థలం అమ్మేశారట, ఏళ్ల తరబడి అద్దె ఇంట్లోనే ఉన్నారట!

హైదరాబాద్‌లో స్థలం అమ్ముకోవడమంటే ఏమిటో ఇక్కడి వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే ఆ కథ అంతగా మనసుకు పట్టింది. దాంతోపాటే ఓ తప్పు లెక్క కూడా చాలామంది బుర్రల్లోకి ఎక్కింది. స్థలం అమ్మితే రైఫిల్ వస్తుంది, రైఫిల్ వస్తే పతకం వస్తుంది! పిల్లాణ్ని రేంజ్‌లో చేర్చిన నెల తిరక్కుండానే 'సార్, ఏ కంపెనీది కొనమంటారు?' అని అడిగే నాన్నలు అలా బయల్దేరినవాళ్లే. 

ఆ స్థలం డబ్బుతో కొన్న రైఫిల్ చేతిలో ఉండగానే గగన్ 2008లో బీజింగ్ వెళ్లారు. అక్కడ 600కి 595 పాయింట్లు వచ్చాయి. ఫైనల్ తృటిలో తప్పిపోయింది. పతకం రావడానికి మరో నాలుగేళ్లు పట్టింది. లెక్కలో ఈ నాలుగేళ్లని ఎవరూ వేసుకోరు.

పెల్లెట్ కన్నా చుక్క చిన్నది

ఖరీదు సంగతి అర్థం కావాలంటే ముందు ఆ చుక్క సంగతి తెలియాలి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో టార్గెట్ మధ్యలో ఉండే పది పాయింట్ల చుక్క వెడల్పు అరమిల్లీమీటరు. దాన్ని కొట్టే సీసపు పెల్లెట్ వెడల్పు నాలుగున్నర మిల్లీమీటర్లు. అంటే చుక్క కన్నా దాన్ని కొట్టే వస్తువే తొమ్మిది రెట్లు పెద్దది! చుక్క అంచుకు పెల్లెట్ అంచు తగిలితే పది. పెల్లెట్ నడిమధ్య, చుక్క నడిమధ్య ఒకదాని మీద ఒకటి కూర్చుంటే 10.9. ఈ రెంటి మధ్యా ఒక్కో దశాంశానికి తేడా... పావు మిల్లీమీటరు.

లండన్‌లో రజతం గెలిచిన ఇటలీ షూటర్ నికోలో కాంప్రియానికి 701.5 పాయింట్లు, గగన్‌కి 701.1. తేడా 0.4. టార్గెట్ మీద కొలిస్తే ఒక్క మిల్లీమీటరు. డెబ్భై సార్లు ట్రిగ్గర్ నొక్కాక తేలిన తేడా అది.

ఇంత సూక్ష్మమైన ఆట కదా, మరి ఖరీదైన రైఫిలే కావాలి కదా అనిపిస్తుంది. నిజమే, బొమ్మ తుపాకీతో అయ్యే పని కాదు. కానీ పోటీల కోసం తయారయ్యే ఏ పేరున్న కంపెనీ రైఫిల్ కొన్నా పెట్టెలో ఓ చిన్న కార్డు వస్తుంది. ఫ్యాక్టరీలో ఆ రైఫిల్‌ని బిగించి, మనిషి చెయ్యి పడకుండా వరసగా పేల్చి చూసిన కార్డు. దాని మీద ఉండేది దాదాపు ఒకటే రంధ్రం! అన్ని పెల్లెట్లూ అందులోంచే దూరి ఉంటాయి. అంటే గురి విషయంలో రైఫిల్ తన పని తాను ఫ్యాక్టరీలోనే రుజువు చేసుకుని వచ్చింది. ఇక మిగిలిందల్లా దాన్ని పట్టుకున్న మనిషి.

ఈ రైఫిళ్లకు పుట్టిల్లు జర్మనీ. వాల్తేర్, అన్‌షూట్జ్ కంపెనీలు రెండూ ఉల్మ్ పట్టణంలోనే ఉన్నాయి. ఫైన్‌వెర్క్‌బావ్ ఓబర్న్‌డార్ఫ్‌లో ఉంది. అక్కడి నుంచి మన దగ్గరికి చేరేసరికి ఒలింపిక్ స్థాయి ఎయిర్ రైఫిల్ ధర సుమారుగా రెండు లక్షలు దాటుతుంది. పై మోడళ్లకు దాదాపు అంతకు రెట్టింపు. తమాషా ఏమిటంటే, ఒకే కంపెనీ మోడళ్లలో చవకదానికీ ఖరీదైనదానికీ బ్యారెల్, గాలి యంత్రాంగం చాలావరకు ఒకే రకంగా ఉంటాయి. మరి తేడా ఎక్కడ? ఆ బ్యారెల్‌ని పట్టి ఉంచే ఒళ్లు... అదే స్టాక్‌లో. చవక మోడల్‌లో అది చెక్కతో ఉండి రెండు మూడు చోట్ల మాత్రమే జరుగుతుంది. ఖరీదైనదాంట్లో అల్యూమినియంతో ఉండి పైకీ కిందకీ, ముందుకీ వెనక్కీ, పక్కకీ, వాలుగా కూడా జరుగుతుంది.

అంటే పైన పెట్టే లక్ష, లక్షన్నరా గురి కోసం కాదు. కొలతల కోసం.

దర్జీ లేని కోటు

బట్టల కొట్లో ఖరీదైన సూటు గుడ్డ కొని దర్జీకి ఇవ్వకుండా భుజాన వేసుకు తిరిగితే ఎలా ఉంటుంది? కొత్త రైఫిల్ కొని పిల్లాడి చేతికి ఇచ్చేయడం సరిగ్గా అలాంటిదే. 

నిలబడి కాల్చే షూటర్‌ని పక్క నుంచి ఒక్కసారి గమనించండి. ఎడమ భుజం టార్గెట్ వైపు ఉంటుంది. నడుం కాస్త వెనక్కి వాలుతుంది. ఎడమ మోచెయ్యి తుంటి ఎముక మీదకి దిగుతుంది. రైఫిల్ బరువు ఆ చేతి ఎముక మీదుగా తుంటికి, తుంటి నుంచి కాళ్లకు, కాళ్ల నుంచి నేలకు పోవాలి. కండ మొయ్యకూడదు. కండ మోస్తే వణుకుతుంది. ఎముక వణకదు. నిబంధన ప్రకారం రైఫిల్ బరువు అయిదున్నర కిలోల దాకా ఉండొచ్చు. అంత బరువుతో గంటంబావులో అరవై షాట్లు కాల్చాలి.

ఇప్పుడు చెంప ఆనించే దిమ్మ ఒక అర సెంటీమీటరు కిందకి ఉందనుకోండి. కన్ను సైట్‌లోకి చేరాలంటే పిల్లాడు తల వాల్చాలి. తల వాలిస్తే మెడ బిగుస్తుంది. మొదటి పది షాట్లకీ తెలియదు. ముప్ఫయ్యో షాట్ దగ్గర మెడ పట్టేస్తుంది, నలభయ్యో షాట్ దగ్గర తొమ్మిదులు మొదలవుతాయి. భుజానికి ఆనే మడమ పొడుగైతే ఛాతీ తిరిగిపోతుంది, పొట్టిదైతే ట్రిగ్గర్ చెయ్యి ముడుచుకుపోతుంది. ముందు చేతి కింద ఎత్తు చాలకపోతే మోచెయ్యి తుంటి దాకా చేరదు. చేరకపోతే బరువంతా భుజం కండ మీదే. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని ఉన్నట్టు, లక్షల రైఫిల్ చేతిలో ఉండీ స్కోరు కదలదు.

ఈ కొలతలు ఒక్కరోజులో కుదిరేవి కావు. మంచి శిక్షకులు వారాల తరబడి ఒక్కో మరా తిప్పుతారు. ఒకసారికి ఒక్కటే మార్చి, రెండు మూడు రోజులు కాల్చి చూసి, పుస్తకంలో రాసుకుని, ఆ తర్వాతే ఇంకోదాని జోలికి వెళతారు. నాలుగు మరలు ఒకేసారి తిప్పితే ఏది మేలు చేసిందో ఏది కీడు చేసిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. కుదిరిన చోటల్లా సన్నటి గీత పెడతారు. ప్రయాణంలో ఎక్కడైనా జరిగితే మళ్లీ ఆ గీత దగ్గరికే తెచ్చుకోవచ్చు.

కుదిరిందో లేదో చూడటానికి పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. రైఫిల్ ఎత్తి గురి చూసి, కళ్లు మూసుకుని, రెండు మూడు సార్లు నింపాదిగా ఊపిరి తీసి వదిలి, కళ్లు తెరవాలి. గురి ఉన్నచోటే ఉంటే ఒంటికి రైఫిల్ అమరినట్టు. పక్కకు పోయిందంటే ఇంతసేపూ కండలు బలవంతాన దాన్ని అక్కడ పట్టి ఉంచుతున్నాయన్నమాట. అప్పుడు చేతులతో జరపకూడదు. పాదాలు జరపాలి, లేదంటే మరలు. రైఫిల్ కొనేముందు అయిదు నిమిషాలు ఈ పరీక్ష చేయించే తల్లిదండ్రులు ఎందరుంటారు? బిల్లు మీద అయిదు వేలు తగ్గించమని గంటసేపు బేరమాడేవాళ్లయితే చాలామందే ఉంటారు.

బయట విడిగా దొరికే స్టాక్‌లు, మడమలు, పిడులు కూడా ఉన్నాయి. యూరప్‌లో ఆ పనే చేసే చిన్న కంపెనీలు చాలా ఉన్నాయి. కొలతలిస్తే అరచేతికి సరిపడా పిడి చెక్కి ఇచ్చేవాళ్లున్నారు. మన పిస్టల్ షూటర్లయితే చెక్క పిడిని తామే ఆకురాయితో గీకి, పుట్టీ పెట్టి, మళ్లీ గీకి చేతికి అచ్చుగుద్దినట్టు తయారుచేసుకుంటారు. చూడ్డానికి మాత్రం అతుకుల బొంతలా ఉంటుంది! దానికి దుకాణంలో పైసా పలకదు. దాని యజమాని చేతికి మాత్రం అంతకన్నా విలువైంది లేదు. అయితే ఏం మార్చినా అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య కొలతలు దాటకూడదు. పోటీకి ముందు అధికారులు రైఫిల్‌ని తూచి, కొలిచి చూస్తారు. వేలు పోసి కొన్న మడమ అక్కడ పాస్ కాకపోతే అంతా గంగపాలే.

ఎదిగే పిల్లాడికి ఎంతలో?

పన్నెండేళ్ల పిల్లలకు ఏడాది తిరిగేసరికి పాంటు పొట్టిదైపోతుంది. కుదిర్చిన కొలతలూ అంతే. అందుకే మొదట్లో అకాడమీ రైఫిలే మేలంటారు అనుభవం ఉన్నవాళ్లు. నిలబడటం, ఊపిరి, ట్రిగ్గర్... ఈ మూడూ చేతికొచ్చేదాకా ఎవరి రైఫిలైనా ఒకటే. ఆరునెలలకో ఏడాదికో పిల్లాడి స్కోరు ఓ చోట ఆగిపోయి, రోజూ పదిమంది మరలు తిప్పే ఆ రైఫిలే అడ్డంగా ఉందని శిక్షకుడికి అనిపించినప్పుడు సొంతది కొనడంలో అర్థముంది. అప్పుడు కూడా వాయిదా వేయడం పొదుపు కాదు. ప్రతిరోజూ వేరే కొలతలతో కాల్చే పిల్లాడికి రోజూ కొత్త చెప్పులతో పరుగు పందెం పెట్టినట్టే.

సెకండ్ హ్యాండ్ మాటేమిటి? ఎయిర్ రైఫిల్ బ్యారెల్ అంత త్వరగా అరగదు. మందుగుండు ఉండదు, పేల్చేది ఉత్త గాలి, పెల్లెట్ మెత్తని సీసం. బాగా వాడిన రైఫిల్ కూడా ఏళ్ల తరబడి గురి తప్పదు. చూడాల్సింది వేరే ఉంది. బ్యారెల్ కింద ఉండే గాలి సిలిండర్! దాంట్లో మామూలుగా 200 బార్ ఒత్తిడితో గాలి నింపుతారు. కారు టైర్లో ఉండే ఒత్తిడి రెండు మూడు బార్‌లని గుర్తు చేసుకుంటే అదెంతో తెలుస్తుంది. అందుకే దానికి పదేళ్ల ఆయుష్షే. తయారైన తేదీ సిలిండర్ మీదే ముద్రించి ఉంటుంది. ఆ గడువు దాటితే పోటీల్లో ఒప్పుకోరు, వాడటమూ క్షేమం కాదు. 'నిగనిగలాడుతోంది, కొత్తదానిలా ఉంది' అని మురిసిపోయి కొన్నాక ఆ తేదీ చూసుకుని నాలుక కరుచుకుంటే ఏం లాభం? కొత్త సిలిండర్ ఖర్చు ముందే ధరలోంచి తీసేసి బేరమాడాలి.

లైసెన్సు గురించి భయపడేవాళ్లూ ఉన్నారు. 0.177 క్యాలిబర్‌లో 20 జౌళ్ల లోపు శక్తి ఉండే ఎయిర్ రైఫిల్‌కి ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. కొనేటప్పుడు గుర్తింపు పత్రాలు ఇవ్వాలంతే. యాభై మీటర్ల పోటీల్లో వాడే 0.22 రైఫిల్‌కైతే లైసెన్సు తప్పనిసరి. 

తిండి ఖర్చు వేరే!

గేదెను కొనగానే సరికాదు, రోజూ మేపాలి. రైఫిలూ అంతే. రోజుకు వంద షాట్లు, నెలకు పాతిక రోజులు వేసుకుంటే 2,500 పెల్లెట్లు. డబ్బాకు 500 చొప్పున అయిదు డబ్బాలు. పోటీ రకం డబ్బా వెయ్యి రూపాయల పైమాటే. పైగా ఒంటిని నిటారుగా నిలబెట్టే దళసరి కోటు, పాంటు, బూట్లు, గ్లవ్స్... ఇవీ కొలతలకు కుట్టించుకోవాల్సినవే. రైఫిల్ మీద ఉన్నదంతా ఊడ్చిపెట్టి కోటు దగ్గర వెనకాడితే ఏనుగును కొని అంకుశం దగ్గర పేచీ పెట్టుకున్నట్టే.

పెల్లెట్ల దగ్గరో చిత్రముంది. అన్నీ నాలుగున్నర మిల్లీమీటర్లే అంటారుగానీ డబ్బాల మీద 4.48, 4.49, 4.50 అని సన్నటి తేడాలు రాసి ఉంటాయి. ఒక బ్యారెల్‌కి నచ్చింది ఇంకోదానికి నచ్చదు. ఖరీదైనదే నచ్చుతుందన్న పూచీ కూడా లేదు. రైఫిల్‌ని బిగించి రకరకాల డబ్బాల నుంచి తలా పదీ పేల్చి, దేనితో రంధ్రం చిన్నగా వస్తే ఆ రకం పట్టుకోవాలి. 0.22 రైఫిల్ షూటర్లయితే ఏకంగా తూటాల ఫ్యాక్టరీల టెస్ట్ రేంజ్‌లకే రైఫిల్ తీసుకెళ్లి, ఏ బ్యాచ్ తమ బ్యారెల్‌కి పడుతుందో చూసుకుని ఆ బ్యాచ్ నంబర్ తూటాలే పెట్టెల కొద్దీ కొనుక్కుంటారు. ఇంగ్లండ్‌లో ఎలీ, జర్మనీలో లాపువా అలాంటి రేంజ్‌లు నడుపుతున్నాయి. 

ఆ తూటాలే కొనలేని ఇళ్ల సంగతి? 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల మూడు భంగిమల పోటీలో కాంస్యం గెలిచిన స్వప్నిల్ కుశాలె కొల్హాపూర్ జిల్లా నుంచి వచ్చారు. రైల్వేలో టికెట్ కలెక్టర్ ఉద్యోగం చేస్తూ ఆడారు. ఒక్కో తూటా 120 రూపాయలున్న రోజుల్లో తండ్రి అప్పు చేసి కొనిచ్చారని పతకం వచ్చాక పత్రికలు రాశాయి. ఆ అప్పు రైఫిల్ కోసం కాదు, దాని తిండి కోసం!

మద్దెల నిజంగానే ఓడైతే...

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, స్కోరు తగ్గగానే రైఫిల్‌ని తిట్టడం ఈ ఆటలో మామూలే. కానీ మద్దెల నిజంగానే ఓడైన సందర్భాలూ ఉన్నాయి. 2008లో బీజింగ్ ఫైనల్‌కి ముందు ట్రయల్ షాట్ కాల్చిన అభినవ్ బింద్రా నివ్వెరపోయారు. అంతకుముందే పదులు కొట్టిన రైఫిల్‌తో నాలుగు దగ్గర పడింది! ఎవరో సైట్ కదిపి ఉంటారని ఆయన తర్వాత చెప్పారు. ఉన్నవి కొద్ది నిమిషాలు. బింద్రా గాభరా పడలేదు. ఒక్కో క్లిక్ తిప్పుతూ గురిని వెనక్కి తెచ్చుకున్నారు. చివరి షాట్ 10.8. భారతదేశానికి వ్యక్తిగత విభాగంలో తొలి ఒలింపిక్ స్వర్ణం. రైఫిల్‌లో ప్రతి మరా ఏం చేస్తుందో ఏళ్ల తరబడి తెలుసుకున్న మనిషి కాబట్టి గట్టెక్కారు. కొత్తగా కొన్న అత్యంత ఖరీదైన రైఫిల్ ఆ నిమిషంలో ఎవర్నీ కాపాడేది కాదు.

అందరికీ అలా కలిసిరాదు. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021 జులైలో, మను భాకర్ పిస్టల్ క్వాలిఫయింగ్ మధ్యలో మొరాయించింది. మరమ్మతు చేయించుకుని వచ్చేసరికి విలువైన నిమిషాలు కరిగిపోయాయి. హడావుడిగా మిగతా షాట్లు పూర్తిచేసినా 575 పాయింట్లతో పన్నెండో స్థానం. ఫైనల్ రెండు పాయింట్లలో పోయింది. మూడేళ్ల తర్వాత పారిస్‌లో ఆమె రెండు కాంస్యాలు గెలిచారనుకోండి, అది వేరే కథ. పేరున్న ఆయుధాలు కూడా ఆగిపోతాయి. కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న అక్కడే ఉంది. చెడిపోతే ఎవరు బాగుచేస్తారు? వాషర్, సీలు, స్ప్రింగు ఎక్కడ దొరుకుతాయి? ఊళ్లో ఎవరూ వాడని, ఎవరూ విప్పి చూడని మోడల్ లక్ష తక్కువకే వస్తోందంటే ఆ లక్షా ఎందుకు తగ్గిందో ఓసారి ఆలోచించుకోవాలి. పోటీకి వారం ముందు సీలు పోయి, విడిభాగం జర్మనీ నుంచి రావాల్సి వస్తే తెలుస్తుంది దాని అసలు ధర.

ఇన్నీ చూసి కొన్న రైఫిల్ ఏమవుతుంది? మన తెలుగు ఇళ్లలో చాలావాటికి గండం ఇంటర్మీడియట్ దగ్గర వస్తుంది. పదో తరగతి అయిపోతుంది. పొద్దున అయిదింటికే క్లాసు, రాత్రి దాకా స్టడీ అవర్స్. ఓ ఆర్నెల్లు రైఫిల్ బీరువా మీద పెట్టెలోనే ఉంటుంది. ఆ తర్వాత నాన్న ఫోన్ తీసి శిక్షకుడికి చేస్తారు. 'సార్, ఎవరైనా ఉంటే చెప్పండి, పెద్దగా వాడింది కూడా లేదు...' 

ఎవరో ఒకరుంటారు. ఆదివారం పూట ఓ అమ్మాయిని వెంటబెట్టుకుని తండ్రి వస్తాడు. మొదట సిలిండర్ తిప్పి తేదీ చూస్తారు. ధర మాట్లాడుకుంటారు. అమ్మాయి రైఫిల్ ఎత్తి భుజానికి ఆనిస్తుంది. చెంప దిమ్మ మరీ ఎత్తుగా ఉంది, మడమ మరీ పొడుగు. దాని మీద ఇంకెవరిదో సన్నటి పెన్సిల్ గీత. శిక్షకుడు జేబులోంచి చిన్న పానా తీసి, ఆ గీత చెరిపి, మొదటి మర వదులు చేస్తాడు.